మోకాలి ఆపరేషన్‌కు ముందు మేము చేసుకున్న ఏర్పాట్లు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)

 పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి కిస్తీల లెక్కలు పొద్దుటి నుంచి వింటూనే ఉన్నారు. మేము లెక్కలు చెప్పం. మా సంఘంలో ఒకామెకు జరిగిన మోకాలి ఆపరేషన్ గురించి చెబుతాం. తన పేరు చెప్పొద్దంది. “పెద్దమ్మ అనండి చాలు” అంది. ఊళ్లో సగం మందికి ఆమె పెద్దమ్మే లెండి.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. మా మీటింగు చాపల మీద జరుగుతుంది. పెద్దమ్మ ఏడాదిగా గుమ్మం దగ్గరే నిలబడి, డబ్బులిచ్చి, సంతకం పెట్టి వెళ్లిపోయేది. కూర్చోమంటే “పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చాను” అనేది. ఆమెకు మనమంటే లెక్కలేదు అనుకున్నాం. రెండు మీటింగులకు రాకపోతే పది రూపాయల చొప్పున ఫైను కూడా వేశాం. మారు మాట్లాడకుండా కట్టింది. కింద కూర్చుంటే మళ్లీ లేవలేననీ, లేవాలంటే ఇద్దరు చేతులు పట్టి లాగాలనీ, నలుగురిలో అది సిగ్గనీ ఆమె బాధ. గోడ వారన ప్లాస్టిక్ కుర్చీ ఉంది. అందరూ కింద కూర్చుంటే నేనొక్కదాన్ని కుర్చీ ఎక్కితే ఏం బాగుంటుందని ఆమె, అడగలేదు కదా అని మేము. అట్లా ఏడాది గడిచిపోయింది.

మా ప్రాంతంలో మిరప కోతలంటే మీకు తెలుసు. పొద్దుట ఏడింటి నుంచి వంగడం, గొంతుక్కూర్చోవడం, లేవడం, మళ్లీ టిక్కీ మోయడం. పెద్దమ్మ ఆ పని నలభై ఏళ్లు చేసింది. మోకాళ్లు లోపలికి వంకర తిరిగాయి. రాత్రి బాత్రూముకు పోవాలంటే గోడ పట్టుకుని పోయేది. నొప్పి మాత్రలు మందుల షాపులో స్ట్రిప్పులు స్ట్రిప్పులు కొని మింగింది. రోజూ అట్లా మింగితే కిడ్నీలు పాడవుతాయని పెద్ద డాక్టరు చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు.

గుంటూరులో డాక్టరు ఎక్స్‌రే చూసి, గుజ్జు అరిగిపోయి ఎముక ఎముకకు రాసుకుంటోంది అన్నారు. మోకాలు మార్చడమంటే కాలు కోసి తీసేస్తారని పెద్దమ్మ భయం. మాక్కూడా సగం అట్లాగే ఉండేది. కాదట. తొడ ఎముక చివర, కాలి ఎముక పైన అరిగిన భాగాన్ని మాత్రం పలుచగా చెక్కి, దాని మీద లోహపు తొడుగు వేస్తారు. రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. మన నరాలు, కండలు, మోకాలి చుట్టూ ఉండే కట్టు చాలావరకు మనవే ఉంటాయి. చాలామందికి అది పదిహేను ఇరవై ఏళ్లు పనిచేస్తుందట. షుగరు ఉంది కాబట్టి రెండు కాళ్లూ ఒకేసారి వద్దు, ముందు ఎక్కువ అరిగింది చేద్దాం అన్నారు.

డిసెంబరులో తేదీ ఇచ్చారు. కోతలు మొదలయ్యేలోపు అయిపోతుందని పెద్దమ్మ సంతోషం. మాకు ఒక్క మాట చెప్పకుండా కొడుకుతో వెళ్లింది. వెళ్లిన రోజు సాయంత్రానికే తిరిగొచ్చేసింది. కారణం ఏమిటంటే, అంతకు పదిహేను రోజుల ముందు నొప్పి ఆగలేక టౌనులో ఒకచోట మోకాలి కీల్లోకి ఇంజెక్షను చేయించుకుంది. ఆ మాట అడ్మిట్ చేసేటప్పుడు బయటపడింది. అట్లాంటి ఇంజెక్షను పడిన మోకాలికి మూడు నెలలు గడవకుండా ఆపరేషన్ చేస్తే చీము పట్టే ప్రమాదం ఎక్కువట. లోహం పెట్టిన చోట చీము పడితే మళ్లీ తెరిచి అన్నీ తీయాల్సి వస్తుంది. అందుకని వెనక్కి పంపారు. అక్కల్లారా, ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ అనుకున్న తరువాత నొప్పికి ఎవరు ఏ ఇంజెక్షను వేస్తామన్నా ముందు ఆపరేషన్ చేసే డాక్టరుకు చెప్పాలి.

ఆ రాత్రి పెద్దమ్మ ఏడ్చిందని కోడలు వచ్చి చెబితే అప్పుడు మేము నలుగురం వెళ్లాం. “దేవుడే వద్దన్నాడు, ఇంక చేయించుకోను” అంది. మేము ధైర్యం చెప్పబోయాం. మాకు తెలిసిందేమిటని చెప్పాలి? పక్క ఊళ్లో రెండేళ్ల కింద చేయించుకున్న ఆమె ఉందని తెలిసి, పెద్దమ్మను ఆటోలో తీసుకెళ్లాం. ఆమె దాచకుండా చెప్పింది. “మొదటి పదిహేను రోజులు పాత నొప్పే నయం అనిపించుద్ది. నేను డాక్టర్ని తిట్టాను, మా ఆయన్ని తిట్టాను, ఎందుకు చేయించుకున్నానా అని తల బాదుకున్నాను. నాలుగో నెలలో గుడి దాకా నడిచాను” అని చీర కొంచెం పైకెత్తి కుట్ల మచ్చ చూపించింది. మచ్చ పక్కన కొంత మేర ఇప్పటికీ తిమ్మిరేనట. పెద్దమ్మ ఆ మచ్చను చేత్తో తడిమి చూసింది. వచ్చేటప్పుడు ఆటోలో ఏమీ మాట్లాడలేదు. ఇంటి ముందు దిగాక “మళ్లీ తేదీ అడగండి” అంది.

కోతలు అయ్యాక ఏప్రిల్ ఆఖరుకు తేదీ తీసుకున్నాం. పోయిందనుకున్న ఆ నాలుగు నెలలే మాకు పనికొచ్చాయి.

మొదట ఒంటి సంగతి. షుగరుకు మూడు నెలల సరాసరి చూపించే రక్తపరీక్ష ఉంది, అది తగ్గితేనే చేస్తామన్నారు. పొద్దుట ఇంట్లో చేసుకునే పరీక్ష ఒక్కటే చూసి బాగుందనుకోకూడదు. పెద్దమ్మకు పులిహోర ఇష్టం, సంక్రాంతి అరిసెలు ఇష్టం. ఆ ఏడు అరిసెలు మేమెవరం వాళ్లింటికి పంపలేదు, ఇప్పటికీ దెప్పుతుంది. జనవరిలో మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షను బయటపడింది. ఆమెకు మంట కూడా లేదు. మందులు వాడి మళ్లీ పరీక్ష చేయించాం. పుచ్చిపన్ను ఒకటి ఉంటే తీయించాం. పంటికీ మోకాలికీ ఏం సంబంధమని మేమూ అడిగాం. నోట్లో చీము రక్తంలో కలిసి కొత్త కీలు దగ్గర చేరవచ్చట. కాలి మీద చిన్న పుండు, గోకుడు ఉన్నా చెప్పాలి. గుండెకు రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్లు తప్పకుండా చెప్పాలి, ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెబుతారు, సొంతంగా ఆపకూడదు. ఆయుర్వేదం పొడులు, పసర్లు వాడుతుంటే అవి కూడా దాచొద్దు.

కసరత్తులు ఆపరేషన్ తరువాతే అనుకున్నాం. ముందు నుంచే మొదలుపెట్టాలట. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టాలి. కాలు చాపినట్టే జానెడు ఎత్తు లేపి ఆపాలి. కుర్చీ చేతుల మీద బరువు పెట్టి లేవడం అలవాటు చేసుకోవాలి, వాకరు పట్టుకోవడానికి చేతుల్లో బలం కావాలి కదా. పెద్దమ్మ టీవీలో సీరియల్ వచ్చేటప్పుడు చేసేది. ప్రకటనలు వస్తే ఆపేసేది, అదేం లెక్కో మాకు తెలియదు.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీని ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కార్డు ఉంది కదా అని నేరుగా వెళ్లి చేరకండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కూర్చుని ఉంటారు, మా జబ్బుకు ఈ ఆసుపత్రిలో వర్తిస్తుందా, దేనికి వర్తిస్తుంది, దేనికి మేం కట్టాలి అని చేరకముందే అడగాలి. సొంత డబ్బుతో చేయించుకుంటే ఇంకొకటి తెలుసుకోండి. మోకాలి కీలు ధరకు కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. బిల్లులో కీలు ధర విడిగా, కంపెనీ పేరుతో, బ్యాచ్ నంబరుతో రాయమని అడిగే హక్కు మనకుంది. ఆ కాగితం జాగ్రత్తగా దాచాలి. గది, మందులు, ఫిజియోథెరపీ, రానుపోను ఆటోలు వేరే. మేము సంఘం నుంచి అప్పు ఇచ్చాం. ఆపరేషన్ తరువాత మూడు నెలలు కిస్తీ అసలు కట్టక్కరలేదు, వడ్డీ కడితే చాలని ముందే తీర్మానం రాసుకున్నాం. ఇంటికొచ్చి నొప్పితో ఉన్న మనిషి దగ్గర కిస్తీ అడగడం మావల్ల కాదని అందరికీ తెలుసు.

ఇంటి సంగతి. వాళ్లది నేల మీద కూర్చునే లెట్రిన్. మోకాలు మార్చిన తరువాత అట్లా కూర్చోవడానికి లేదు. మధ్యలో చిల్లు ఉండే కమోడు కుర్చీ, వాకరు గ్రామ సంఘం డబ్బుతో కొన్నాం. పెద్దమ్మకిచ్చాం కానీ ఆస్తి సంఘానిదే, పుస్తకంలో ఎక్కించాం. నులక మంచం వదులైపోయింది, దాని బదులు గట్టి మంచం ఎత్తుగా ఇటుకల మీద వేశాం. గుమ్మం దగ్గర గోనెపట్టా తీసేశాం, కాలికి తగిలితే పడిపోతారని. స్టౌ గట్టు మీదకు మార్చాం.

ఇవన్నీ తేలిక. కష్టమైంది అడగడం. ఆపరేషన్ అయిన కొత్తలో బాత్రూముకు ఎవరు తీసుకెళ్తారు, స్నానం ఎవరు చేయిస్తారు? కొడుకు ఆటో నడుపుతాడు. కోడలు కూలికి పోతుంది. పెద్దమ్మ కోడల్ని అడగలేదు. అడగడం చిన్నతనం అనుకుంది. మేమే ఒక సాయంత్రం వెళ్లి ఇద్దరినీ కూర్చోబెట్టాం. కోడలు ఉన్నమాట చెప్పింది. “అత్తయ్యా, పదిహేను రోజులు నేను మానుకుంటా. అన్నీ చేస్తా. మూడు నెలలు మాత్రం కూలి మానుకోలేను, పిల్లోడి ఫీజు ఎట్లా?” పెద్దమ్మ ముఖం మాడింది. మాకు మాత్రం ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది. చేస్తానని చెప్పి తరువాత ముఖం ముడుచుకోవడం కన్నా ఇదే నయం. సంఘంలో పెద్దమ్మ పోను తొమ్మిది మందిమి. పదహారో రోజు నుంచి పగటిపూట తలా ఒకరోజు వంతు వేసుకున్నాం. ఇద్దరు కుదరదన్నారు, వాళ్ల ఇబ్బందులు వాళ్లవి. ఏడుగురం సర్దుకున్నాం.

ఆపరేషన్ రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నడుముకు మత్తు సూది ఇచ్చారు. నడుము కింద తెలియదు కానీ మెలకువ ఉంటుంది, సుత్తి చప్పుళ్లు వినిపిస్తాయి. భయమైతే నిద్రమత్తు కూడా అడగవచ్చు. పెద్దమ్మ అడిగింది. మర్నాడే వాకరుతో నిలబెట్టారు. నాలుగో రోజు ఇంటికొచ్చింది.

పన్నెండో రోజు రాత్రి ఫోను. ఏడుపు. నిద్ర లేదు, అన్నం సయించదు, కాలు వాచింది, “నన్ను ఈ గోతిలోకి తోసింది మీరే” అంది. పక్క ఊరామె ముందే చెప్పి ఉండకపోతే మేము హడలిపోయేవాళ్లం. ఇవి వచ్చే రోజులే అని చెప్పుకున్నాం. నొప్పి మాత్ర నొప్పి బాగా ఎక్కాక వేసుకుంటోందని అప్పుడు తెలిసింది. రాసిచ్చిన వేళకు వేసుకుని, కసరత్తు ఆ తరువాత చేయాలి. ఇంకొకటి, సుఖంగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటోంది. అట్లా పెడితే కాలు పూర్తిగా చాపడం రాకుండా పోతుంది. తీసేయించాం.

అయితే అన్ని నొప్పులూ వచ్చేవేలే అని ఊరుకోకూడదు. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి చెప్పాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకుండా 108 పిలవాలి. ఈ నాలుగు మాటలు మేము పెద్ద అక్షరాలతో రాసి మంచం పక్కన గోడకు అంటించాం. కోడలు తొమ్మిది చదివింది, వంతు మనుషుల్లో చదువురాని ఇద్దరికీ ఆమే చదివి చెప్పింది.

ఇప్పుడు పెద్దమ్మ బాగా నడుస్తోంది. కానీ అన్నీ మునుపటిలా అయ్యాయని చెబితే అబద్ధం. కింద కూర్చోదు, కోతలకు పోదు. యార్డుల దగ్గర కాయల తొడిమలు తీసే పని కుర్చీలో కూర్చుని, ముందు బల్ల వేసుకుని చేస్తోంది. కోతలకు వచ్చినంత కూలి రాదు. రెండో మోకాలు ఇంకా ఉంది. ఎప్పుడు చేయించుకుంటావంటే “ఈ ఏడు అరిసెలు తిననివ్వండి” అంటోంది.

సమాఖ్యను మేము అడిగేది ఒకటే. ప్రతి గ్రామ సంఘానికీ ఒక వాకరు, ఒక కమోడు కుర్చీ కొనడానికి ఈ సంవత్సరం బడ్జెట్లో చోటు పెట్టండి. మావి ఇప్పుడు పై వీధిలో తుంటి విరిగిన ఒక ముసలామె ఇంట్లో ఉన్నాయి, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు.

మా మీటింగులో ఇప్పుడు నాలుగు కుర్చీలు వేస్తున్నాం. పోయిన నెల పెద్దమ్మ కుర్చీలో కూర్చుని మీటింగు అయ్యేదాకా ఉంది. పాత ఫైను ఇరవై రూపాయలు తిరిగి ఇవ్వబోయాం. తీసుకోలేదు, పొదుపులో వేయమంది. అట్లాగే జమ రాశాం.