స్విచ్‌లోకి ఎవరు రావచ్చు, వచ్చి ఏం చేయవచ్చు

ఆఫీసులోని కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి చేరే పెట్టె నెట్‌వర్క్ స్విచ్. దాని సెట్టింగులు మార్చాలంటే పేరు, పాస్‌వర్డు ఇచ్చి లోపలికి వెళ్లాలి. మొదట్లో ఆ పాస్‌వర్డులు ఏ స్విచ్‌వి ఆ స్విచ్‌లోనే ఉండేవి. పది స్విచ్‌లున్నంత కాలం ఇబ్బంది లేదు. వందలయ్యేసరికి, ఉద్యోగం మానేసిన ఒక్క మనిషి పేరు తీసేయాలన్నా ప్రతి పెట్టెలోకీ వెళ్లాల్సి వచ్చేది. ఒక్కటి మరిచిపోతే ఆ మనిషికి అక్కడ తలుపు తెరిచే ఉండేది.

పేర్లను ఒకేచోట తనిఖీ చేసే ఆలోచన స్విచ్‌ల కోసం పుట్టినది కాదు. 1980లలో అమెరికా సైనిక నెట్‌వర్క్ మిల్‌నెట్‌లోకి వచ్చేవారిని గుర్తుపట్టడానికి బీబీఎన్ సంస్థ టాకాక్స్ అనే పద్ధతిని తయారుచేసింది. 1991లో లివింగ్‌స్టన్ ఎంటర్‌ప్రైజెస్ సంస్థ రేడియస్‌ను రూపొందించింది. ఫోన్ లైన్ల మీద మోడెంతో కనెక్టయ్యేవారి కోసం వచ్చిన పద్ధతి అది. తర్వాత సిస్కో పాత టాకాక్స్‌ను దాదాపు కొత్తగా రాసి టాకాక్స్ ప్లస్ అంది.

రేడియస్, టాకాక్స్ ప్లస్‌ల మధ్య తేడా స్విచ్‌ల విషయంలో చాలా ముఖ్యం. రేడియస్‌లో 'ఇతను మనవాడే' అన్న జవాబుతోపాటే అతని అనుమతులూ వచ్చేస్తాయి. టాకాక్స్ ప్లస్ ఈ రెండు ప్రశ్నలను విడదీసింది. ఇంజినీరు టైప్ చేసే ఒక్కొక్క కమాండుకూ స్విచ్, తనిఖీ చేసే సర్వర్‌ను అడగగలదు. పెద్ద నెట్‌వర్కుల్లో స్విచ్‌ల నిర్వహణకు టాకాక్స్ ప్లస్ నిలదొక్కుకోవడానికి ఇదే బలమైన కారణం.

సిబ్బంది పేర్లను ఒకేచోట ఉంచే డైరెక్టరీ కథ వేరే దారిలో నడిచింది. 1988లో వచ్చిన ఎక్స్.500 ప్రమాణం చిన్న కంప్యూటర్లకు మోయలేని బరువు. దాన్ని తేలిక చేస్తూ మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోస్, ఇతరులు కలిసి ఎల్‌డాప్‌ను రూపొందించారు. 1993లో అది ప్రమాణ పత్రంగా వెలువడింది. 2000లో విండోస్ 2000తోపాటు వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ ఎల్‌డాప్‌ను ఆఫీసు ఆఫీసుకూ చేర్చింది. సిబ్బంది పేర్లన్నీ అప్పటికే అందులో ఉన్నాయి కనుక, రేడియస్, టాకాక్స్ ప్లస్ సర్వర్లు దానినే అడగడం మొదలుపెట్టాయి. కొన్ని స్విచ్‌లు నేరుగానే అడుగుతాయి.

ఎల్‌డాప్‌లో తనిఖీ ఇలా జరుగుతుంది. సర్వర్ ముందుగా డైరెక్టరీలో ఇంజినీరు పేరు వెతుకుతుంది. తర్వాత ఆ పేరుతో, అతనిచ్చిన పాస్‌వర్డుతో తానే డైరెక్టరీలోకి ప్రవేశించి చూస్తుంది. దీన్ని బైండ్ అంటారు. ప్రవేశం దొరికితే పాస్‌వర్డు సరైనదే. ఆపైన అతను ఏ గ్రూపులో ఉన్నాడో చూస్తుంది. నిర్వాహకుల గ్రూపయితే సిస్కో స్విచ్‌కు 15 అనే అంకె పంపుతుంది. 0 నుంచి 15 దాకా ఉన్న మెట్లలో అది పైమెట్టు, సర్వాధికారం. సహాయ సిబ్బందికి 1 చాలు; కొన్ని వివరాలు చూడవచ్చు, సెట్టింగులు మార్చలేరు. మానేసినవారి ఖాతాను డైరెక్టరీలో ఒక్కచోట ఆపితే వందల స్విచ్‌ల్లోనూ దారి మూసుకుంటుంది.

దారిలో పాస్‌వర్డును కాపాడటం మరో పని. మామూలు ఎల్‌డాప్ బైండ్‌లో, 389 పోర్టు మీద, అది ఉన్నదున్నట్టుగా వెళుతుంది. అందుకే టీఎల్‌ఎస్ రక్షణ ఉన్న 636 పోర్టును వాడతారు. రేడియస్ పాస్‌వర్డును మాత్రమే దాస్తుంది, అదీ పాత ఎండీ5 పద్ధతిలో. ఆ పాతదనం ఎంత ప్రమాదమో 2024లో బయటపడిన బ్లాస్ట్ రేడియస్ దాడి చూపించింది.

సర్వర్ అందకపోతే ఎలా అన్నదీ ముందే ఆలోచించాలి. అందుకోసం స్విచ్‌లో ఒక సొంత ఖాతా ఇప్పటికీ ఉంచుతారు. సర్వర్ 'కాదు' అంటే స్విచ్ ఆ ఖాతా వైపు చూడదు. జవాబే రాకపోతే చూస్తుంది. ముందు సర్వర్, తర్వాత సొంత ఖాతా అన్న ఈ వరుస పెట్టడం మరిచిపోయినచోట, సర్వర్‌కు వెళ్లే దారి తెగిన రోజున దాన్ని బాగుచేయాల్సిన ఇంజినీరు కూడా బయటే నిలబడాల్సి వస్తుంది.