బ్రూనై రాజ్యము: ఎల్లల కథ
(మన సంఘ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



నేడు మేము ముచ్చటింపదలచిన రాజ్యము మిక్కిలి చిన్నది. బోర్నియో ద్వీపపు ఉత్తర తీరముననున్న బ్రూనై వైశాల్యము 5,765 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఒకవైపు సముద్రము, తక్కిన వైపుల మలేసియాలోని సరావాక్ రాష్ట్రము. ఆ కొద్ది నేలయైనను ఒక్కటిగా లేదు. నడుమ లింబాంగ్ అను సరావాక్ ప్రాంతము చొచ్చుకొనివచ్చి దానిని రెండుగా చీల్చినది. ఈ చీలిక ఎట్లు కలిగినదో తెలిసికొన్నచో బ్రూనై చరిత్ర సారము తెలిసినట్లే.

1521లో మాగెల్లాన్ ఓడలలో మిగిలినవారు బ్రూనై చేరినపుడు, నీటిపై స్తంభములమీద కట్టిన ఇండ్లతో నిండిన మహానగరమును చూచిరి. రాజు వారిని ఏనుగులపై పిలిపించుకొనెను. నాడు ఉత్తర బోర్నియో తీరములో అధికభాగము ఆ సుల్తానుల ఏలుబడిలో ఉండెను.

తరువాత క్షీణదశ వచ్చెను. సరావాక్‌లోని తిరుగుబాటును అణచుటకు తోడ్పడిన జేమ్స్ బ్రూక్ అను ఆంగ్లేయుడు 1841లో అచ్చటి పాలనాధికారమును పొందెను. 1846లో లబువాన్ దీవి బ్రిటనుకు పోయెను. తూర్పున ఒక ఆంగ్ల వర్తక సంస్థ 1881లో రాజపత్రము పొంది ఉత్తర బోర్నియోను ఏలసాగెను. బ్రూక్ వంశీయులు ఒక్కొక్క నదీలోయను తమలో కలుపుకొనుచు వచ్చిరి. 1888లో బ్రూనై బ్రిటిషు రక్షణలో చేరెను. అయినను 1890లో చార్లెస్ బ్రూక్ లింబాంగ్‌ను ఆక్రమించెను. సుల్తాన్ హాషిం సమ్మతింపలేదు. బ్రిటను మాత్రము ఆమోదించెను. కంచె ఉండియు చేను దక్కలేదు. లింబాంగ్ వాసులు తమ యిండ్లు విడువకయే మరియొక రాజ్యపు ప్రజలైరి.

1906లో బ్రిటిషు రెసిడెంటు వచ్చెను. మతవిషయములు దక్క అన్నిట అతని సలహాయే శాసనము. 1929లో సెరియాలో చమురు దొరకుటతో పేదరాజ్యము సంపన్నమాయెను.

1959లో లిఖిత రాజ్యాంగము వెలువడెను. 1961లో మలయా ప్రధాని టుంకు అబ్దుల్ రహ్మాన్ మలేసియా సమాఖ్యను ప్రతిపాదించెను. అజహరి నాయకత్వమున ప్రజాపక్షము దానికి మారుగా బ్రూనై, సరావాక్, ఉత్తర బోర్నియోల ఐక్యతను కోరెను. 1962 ఎన్నికలలో ఆ పక్షము 55 జిల్లా స్థానములలో 54 గెలిచెను. కాని 33 మంది గల శాసనసభలో ఎన్నికైనవారికి 16 స్థానములే! 1962 డిసెంబరు 8న తిరుగుబాటు చెలరేగెను; సింగపూరునుండి వచ్చిన బ్రిటిషు సేనలు దానిని అణచెను. ఆ పక్షము నిషేధింపబడెను; అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను.

1963లో సుల్తాన్ ఒమర్ అలీ సైఫుద్దీన్ సైతము మలేసియాలో చేరలేదు. చమురు ఆదాయము, పాలకులలో తన స్థానము అను విషయములపై ఒప్పందము కుదరలేదు. 1967లో ఆయన కుమారుడు హసనల్ బొల్కియాకు సింహాసనము అప్పగించెను. 1984 జనవరి 1న బ్రూనై పూర్ణ స్వాతంత్ర్యము పొందెను. అదే నెలలో ఆసియాన్‌లో చేరి, ఇరుగుపొరుగువారితో సమాన ఆసనము సంపాదించెను.

రాజ్యము నిలిచినది, ప్రజల మాట నిలువలేదు. 1965 తరువాత శాసనసభకు ప్రత్యక్ష ఎన్నికలు మరల జరుగలేదు. 1984లో మూసిన శాసనసభను 2004లో తెరచినను, నియమితులతోనే నింపిరి.

సోదరులారా, మనలోను తాము కదలకయే, 1936లోను 1956లోను ఎల్లలు కదలుటచే అల్పసంఖ్యాకులైనవారు కలరు. నాటి లింబాంగ్ వాసులకు లేని భాగ్యము మనకు కలదు. మనకు ఓటు కలదు. బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు రాష్ట్రములు యత్నింపవలెనని మన రాజ్యాంగపు 350ఎ అధికరణము చెప్పుచున్నది. అయితే వ్రాతయందున్న హక్కు అడుగనివారి గడపకు నడచిరాదు. తెలుగు తరగతికి బిడ్డలను చేర్పించి, ఉపాధ్యాయుని నియమింపుడని వినతిపత్రము వ్రాయుట మన వంతు. మన ఎల్లలను మనము గీయలేదు. మన బడిని మాత్రము మనమే నిలుపుకొనవలెను.