ధారణ అప్పజెప్పని నాయకులు

(ముద్దనూరులో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కవిత్వం, నోటి మాట ప్రజాస్వామ్యానికి ఏం చేస్తాయో చెప్పమన్నారు. ఉద్యమంలో తిరిగిన మేం పాట గురించే చెబుతామని మీరనుకుని ఉంటారు. పాట గొప్పదే. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం తెలంగాణలో ఊరూరా తిరిగి, కరపత్రం చదవలేని వాళ్లను కూడా సభకు రప్పించింది. అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ' 2024లో అక్కడ రాష్ట్ర గీతమైంది. కానీ ఒక చిక్కుంది. పాడేవాళ్లు పాడతారు, మిగతావాళ్లం చప్పట్లు కొడతాం. పాట అయిపోగానే మైకు నాయకుడి చేతికొస్తుంది. మరి మన ప్రశ్నకు చోటెక్కడ?

అందుకే మేం ఈరోజు పక్కనున్న ప్రొద్దుటూరును తలుచుకుంటున్నాం. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి అక్కడివాళ్లు. బ్రిటిష్ పాలనలో ఒకరు రాణాప్రతాపుని మీద, ఒకరు శివాజీ మీద కావ్యాలు రాశారు. ఇద్దరూ జంటగా అవధానాలు చేశారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఇంకొకరు అక్షరమక్షరానికీ ఇది వాడొద్దంటూ అడ్డం పడతారు. అప్రస్తుత ప్రసంగి సంబంధం లేనివి అడిగి దారి మళ్లిస్తాడు. (ఆ ఉద్యోగం మన నాయకులే ఊరికే చేసిపెడుతున్నారనుకోండి.) అవధాని కసురుకోకూడదు, లేచిపోకూడదు. చివరికి ధారణ. చెప్పిన పద్యాలన్నీ కాగితం చూడకుండా అప్పజెప్పాలి.

నిజమే, ఆ పృచ్ఛకుల్లో ఎక్కువ మంది పండితులే. కూలీలకు, ఆడవాళ్లకు అక్కడ పీట వేసింది తక్కువ. వేమన పద్యానికి ఆ అడ్డు లేదు. పండితులు చిన్నచూపు చూసినా అది జనం నోళ్లలో బతికింది. దాన్ని 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించాడు. అవధానం పద్ధతికి వేమన భాష కలిస్తే మనకు కావలసిన సభ అవుతుంది.

ధారణ లేకపోతే ఏమవుతుందో సీమవాళ్లకు చెప్పాలా? 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. రాజధాని, హైకోర్టుల్లో సీమ కోరుకున్నది ఇస్తామన్నారు. నీళ్లలో ప్రాధాన్యం అన్నారు. 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని 1956లో హైదరాబాదుకు పోయింది. 2014లో రాష్ట్రం చీలినప్పుడు ఆ కాగితం తీసి చదివిన పాలకులు లేరు. మొన్నమొన్న 2020లో గండికోట జలాశయంలో నీళ్లు పెంచితే తాళ్లప్రొద్దుటూరు ఖాళీ చేయాల్సొచ్చింది. పరిహారం ఏదని ఆ ఊరు రోడ్డెక్కింది. ఆ నోళ్లకు జవాబు చెప్పాల్సిన వేదిక గ్రామసభ. రాజ్యాంగంలోనే ఉంది. కానీ సభలో లేచి నిలబడితే 'నువ్వు ఎవరి మనిషివి?' అని ముందు అడిగే నేల ఇది. ఆ భయం ఒక్కడు లేస్తే పోదు. వరుసగా ఎనిమిది మంది లేవాలి.

మా ప్రతిపాదన ఇది. వచ్చే సభలో నాయకుణ్ణి మధ్యలో కూర్చోబెడదాం. చుట్టూ శనగ రైతు, కూలికి పోయే అక్క, థర్మల్ ప్లాంటు కాంట్రాక్టు కార్మికుడు, ముంపు ఊరి పెద్దమనిషి, డిగ్రీ విద్యార్థిని, మాస్టారు, ఆశా కార్యకర్త, గొర్రెల కాపరి. 'చూస్తాం', 'పరిశీలిస్తాం' నిషిద్ధం. చివర్లో ఇచ్చిన మాటలన్నీ ఆయన చేతే అప్పజెప్పిద్దాం. మేం అచ్చు వేస్తాం. మరుసటి ఏడు అదే తేదీకి ఆ కాగితం పట్టుకుని ఆయన ఇంటికి పోదాం.