బండి ఆగిన చోట



సంఖ్యాకాండము 7వ అధ్యాయము తెరవండి. ప్రత్యక్షపు గుడారము సామాను మోయుటకు ప్రధానులు 6 గూడు బండ్లు, 12 ఎద్దులు తెచ్చారు. పలకలు, దిమ్మలు మోసే మెరారీయులకు మోషే 4 బండ్లు ఇచ్చాడు, తెరలు మోసే గెర్షోనీయులకు 2. కహాతీయులకు ఒక్కటీ లేదు! మందసము, బల్ల, దీపవృక్షము వారు భుజముల మీదనే మోయాలి. ఇది అన్యాయము కాదా అని సెమినరీలో చదివే రోజుల్లో అడిగేవాడిని. జవాబు పాడేరు మన్యములో దొరికింది.

పరిచర్య కొరకు కొండమీది గ్రామానికి కాపురము మార్చాము. దారి లేక మా వ్యాను కొండ క్రిందనే ఆగిపోయింది. గ్రామస్థులు దిగివచ్చి బియ్యము, గిన్నెలు కావిళ్ళకెత్తుకున్నారు. రోగులను మోసే డోలీ కర్రకే మా ఇనుప బీరువాను తాళ్ళతో కట్టి నలుగురు లేపారు. సగము దారిలో ఒక పెద్దాయన కాలు జారి పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది. బీరువాలో ఏమున్నవో తెలుసా? మా పెండ్లి బట్టలు, నా వ్యాఖ్యాన గ్రంథాలు. ఎత్తక ముందు తాళము తీసి ఖాళీ చేయాలని నాకు తోచనే లేదు. నా భుజాన ఉన్నది బైబిలు సంచి ఒక్కటే.

ప్రియులారా, దేవుడు బరువైన దిమ్మలను ఎద్దులకు అప్పగించాడు, మనిషి భుజము మీద తన మందసమును పెట్టించాడు. నేను పెట్టించినది నా బీరువా. కొండలకు సువార్తికులను పంపే సంఘములారా, సామాను కట్టే రోజున ఈ అధ్యాయము ఒకసారి చదవండి.

ఆ రాత్రి నా భార్య ఆయన గాయానికి కట్టు కట్టింది. “బీరువాకు గీత పడలేదు కదా అయ్యగారూ?” అని ఆయన అడిగాడు. ఆ ఊరు విడిచి వచ్చేటప్పుడు దానిని దింపనివ్వలేదు.