కాలువ ఈత వేరు, పందెపు ఈత వేరు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పందేల్లో ఈదే పిల్లల మనసు ఎట్లా ఉండాలో చెప్పమన్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాళ్లం, పతకాలు తెచ్చినవాళ్లం కాము. అయితే పిల్లవాడు పరీక్ష హాలులో తడబడటానికీ, పందెంలో తడబడటానికీ మూలం ఒకటేనని మాకు చాలాకాలంగా తోస్తున్నది. ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాం.

మన ఏలూరు, తాడేపల్లిగూడెం కాలువ గట్ల పిల్లలకు ఈత ఒకరు నేర్పాలా? వీపుకు సొరకాయ బుర్ర కట్టుకుని దిగుతారు, కొన్నాళ్లకు బుర్ర విప్పి పారేస్తారు. కొల్లేటి లంకల్లోనైతే తాటిదోనె మీంచి దూకడం, మళ్లీ దోనె ఎక్కడం నడకతో పాటే వస్తుంది. అదే పిల్లవాణ్ణి యాభై మీటర్ల కొలనులో, నిలవ నీళ్లలో, గడియారం ముందు నిలబెట్టండి. సగం దూరానికే ఆయాసం! కాలువలో ప్రవాహం మోసింది, అలసినప్పుడు రేవు మెట్టు దొరికింది. కొలనులో మోసేవాళ్లు లేరు. పైగా మనవాడు పక్క వరుసలో వాడు ఎంత దూరం పోయాడోనని తల ఎత్తి చూస్తాడు. తల పైకి లేస్తే కాళ్లు కిందికి దిగుతాయి, వేగం చస్తుంది. ఇది నీళ్ల ధర్మం.

(మధ్యలో ఒక మాట. కాలువకు నీళ్లు నిండుగా వదిలిన రోజుల్లో లాకుల దగ్గర పిల్లలను దిగనివ్వకండి. ఎంతటి ఈతగాణ్ణయినా అక్కడి సుడి లాగేస్తుంది. గట్టు మీద పెద్దవాళ్లు లేకుండా ఎక్కడా దిగనివ్వవద్దు.)

పక్కవాడి సంగతి మన చేతిలో లేదు. మన బార మన చేతిలో ఉంది. అందుకని పిల్లవాడి చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. ఇవాళ యాభై మీటర్లకు ఎన్ని బారలు వేశాడు, ఎంతసేపు పట్టింది, గోడ దగ్గర మలుపు ఎట్లా తిరిగాడు, ఇంతే రాయాలి. నిరుడు యాభై బారలు పట్టిన దూరం ఈ ఏడు అదే సమయంలో నలభై ఆరు బారలకు వస్తే, పందెంలో ఆఖరున వచ్చినా వాడు ముందుకు పోయినట్లే లెక్క.

బారలు లెక్కపెట్టడం చిన్న పనిలా కనబడుతుంది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో, 200 మీటర్ల బటర్‌ఫ్లై పందెంలో, అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కళ్లద్దాల్లోకి నీళ్లు చేరాయి. చివరికి గోడ కూడా కనబడలేదు. అతను కంగారుపడలేదు. ఒక నిడివికి తనకు ఎన్ని బారలు పడతాయో తెలుసు గనుక లెక్కపెట్టుకుంటూ వెళ్లి గోడ తాకాడు. 1 నిమిషం 52.03 సెకన్లు, అప్పటికి ప్రపంచ రికార్డు! కళ్లు పనిచేయని చోట అలవాటు పనిచేసింది. పరీక్షలో మొదటి ప్రశ్న రానివాడు మిగతావి కూడా మరిచిపోవడం మేము ప్రతి ఏడూ చూస్తాం. వాళ్లకు ఈ సంగతే చెబుతాం.

ఇక ఓటమి. కలకత్తా అమ్మాయి ఆరతి సాహా 1959 ఆగస్టు 27న ఇంగ్లిష్ ఛానల్‌లో దిగింది. పద్నాలుగు గంటలకు పైగా ఈదింది. ఒడ్డు ఇంకా కొన్ని మైళ్లుందనగా ఎదురు ప్రవాహం వల్ల ఆపేయవలసి వచ్చింది. మన ఇళ్లలో అయితే "చాల్లే తల్లీ, ఇంటికి రా" అనేవాళ్లం. ఆమె మాత్రం నెల తిరిగాక సెప్టెంబర్ 29న మళ్లీ దిగి, 16 గంటల 20 నిమిషాల్లో దాటింది. ఆసియా స్త్రీలలో ఆమే మొదటిది. అప్పటికి పందొమ్మిదేళ్లు. ఆ ఇంగ్లిష్ ఛానల్‌లో నీళ్లు ఆగస్టులో ఎట్లున్నాయో సెప్టెంబర్‌లోనూ అట్లాగే చల్లగా ఉన్నాయి.

అంత దూరం ఎందుకంటారా? మన సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల నడివయసులో ఈత నేర్చుకున్నారు. 2021లో నలభై ఏడేళ్ల వయసులో శ్రీలంక ఒడ్డు నుంచి ధనుష్కోటి దాకా ముప్ఫై కిలోమీటర్ల పాక్ జలసంధిని పద్నాలుగు గంటల లోపే దాటారు. 2024 డిసెంబర్ చివర విశాఖలో బయలుదేరి, రోజుకు కొంత దూరం చొప్పున ఈదుతూ జనవరి మొదట్లో కాకినాడ చేరారు. సుమారు 150 కిలోమీటర్లు! మొత్తం నూటయాభై ఒక్కసారి తలుచుకుంటే ఎవరైనా ఒడ్డునే కూర్చుంటారు. ఆనాటి వంతు ఆనాడు ఈదడమే కదా మార్గం.

మా మనసులో అసలు బాధ ఆడపిల్లల గురించి. ఎనిమిదో తరగతి రాగానే "ఇంక నీళ్లెందుకు" అనేస్తాం. బట్టలు, వేళలు, వెంట ఎవరు వెళ్లాలి, ఇవి ఇంట్లో కూర్చుని తేల్చుకోదగ్గ సంగతులే. తేల్చుకోకుండా ఆపేస్తే నష్టపోయేది పతకం ఒక్కటే కాదు. చుట్టూ నీళ్లున్న ఊళ్లో ఈత రాని తల్లి, రేపు కాలు జారిన బిడ్డను ఎట్లా పట్టుకుంటుంది?

తండ్రులకు ఇంకొక మాట. పందెం కాగానే "ఎన్నోవాడివి వచ్చావు?" అని అడగకండి, భాయీ. "మలుపు బాగా తిరిగావా?" అని అడగండి. వాడు చెప్పేది మనకు సగం అర్థం కాకపోయినా ఫరవాలేదు, విందాం. పందెం పొద్దున గుండె దడదడమంటుంటే అది పిరికితనం అనుకుని కోప్పడకండి. పెద్ద పెద్ద ఈతగాళ్లకూ కొట్టుకుంటుంది. నాలుగుసార్లు నిదానంగా ఊపిరి వదలమని చెప్పండి, చాలు.

అమ్మలకు చెప్పేది తేలిక. పందెం పొద్దున పిల్లలకు బిర్యానీ పెట్టకండి. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. బిర్యానీ సాయంత్రం వండండి. గెలిచి వచ్చినా సరే, ఓడి వచ్చినా సరే.