జిల్లా పేజీ పోతే మన గోస ఎవరు రాస్తరు?

(ఉద్యోగులు, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పేపర్లకు కాలం చెల్లిందని అందరం అంటున్నం. ఎవరి పేపరుకు అని అడగాలె. మన నేల మీద పత్రిక వ్యాపారంగ పుట్టలేదు. 1922ల ఇనుగుర్తి అనే పల్లెల ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు పత్రిక’ పెట్టిండ్రు. అదే ఏడు నల్లగొండల ‘నీలగిరి’ వచ్చింది. తెలంగాణల కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934ల 354 మందితోని గోలకొండ కవుల సంచిక అచ్చేసి జవాబిచ్చిండు. 1948 ఆగస్టుల ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపిన రజాకార్లు రాసే చేతిని నరికిండ్రు.

తర్వాత పెట్టుబడి పత్రికలొచ్చినయి. 1989ల ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టింది. మిగిలినోళ్లూ అదే బాట పట్టిండ్రు. మండలానికో కంట్రిబ్యూటర్; ఊరి బోరింగు చెడిపోయినా వార్తే. మంచిదే. కానీ అండ్లనే మెలిక ఉన్నది. నల్లగొండ ఫ్లోరైడ్ నల్లగొండ పేజీలనే, పాలమూరు వలస పాలమూరు పేజీలనే ఆగిపోయింది. పక్క జిల్లావాళ్లకు తెల్వదు, పట్నంల సర్కారుకు పట్టదు. ఒకరి గోస ఇంకొకరికి చేర్చింది కరపత్రాలు, ధూంధాంలు, చేతులల్ల పట్టుకొని అమ్మిన చిన్న పత్రికలు.

2014ల రాష్ట్రం వచ్చింది. 10 జిల్లాలు 2019 నాటికి 33 అయినయి. జిల్లాలు పెరిగినయి, పేజీలు తరిగినయి! 2019 బడ్జెట్ల కేంద్రం దిగుమతి న్యూస్‌ప్రింట్ మీద 10 శాతం సుంకం వేసింది, మరుసటేడు 5కు తగ్గించింది. అంతల్నే కరోనా. చాలా టాబ్లాయిడ్లు మెయిన్ పేపర్ల కలిసిపోయినయి. అండ్ల మొదలు పోయింది మండలం వార్తనే.

కంట్రిబ్యూటర్ సంగతి మీకెరికే. జీతం ఉండదు, లైన్ల లెక్కన చిల్లర. పైనుంచి యాడ్స్ టార్గెట్. ఏ కాంట్రాక్టరు మీద రాయాల్నో ఆయన దగ్గరికే పంద్రాగస్టు యాడ్ కోసం పోవాలె. ఇగ ఏం రాస్తడు?

ఫోన్ల అన్నీ వస్తున్నయి గద అంటరు. వస్తున్నయి. ఎవరు రాసిండ్రో తెల్వదు, పదేండ్లకు దొరకవు. 1969 మీద పరిశోధన చేసే పిల్లలు పాత పేపర్ల ఫైళ్లు తిరగేస్తున్నరు. రేపు జనగామ మీద చేసెటోళ్లు ఏం తిరగేయాలె?

ఉద్యోగ సంఘాల అన్నలకు ఒకటే చెప్తున్నం: ఆఫీసుల పాత పేపర్లు తూకానికి అమ్మకుండ్రి, జిల్లా గ్రంథాలయానికి ఇచ్చి ఫైలు కట్టియ్యుండ్రి. తమ్ముల్లారా, మీ మండలం మినీలు ఎవరింట్ల అటక మీదున్నా తెచ్చి స్కాన్ చెయ్యుండ్రి. కంట్రిబ్యూటర్లు జీతం కోసం ధర్నాకు కూసుంటే మేం వస్తం. మీరూ రాండ్రి.