పక్క తడుపు పిల్లలు: మాత్ర చేయగలది, చేయలేనిది

వానలు పట్టినవనిన నారాయణరావుపేట వంటి గ్రామములలో కొందఱు తల్లులకు నాట్ల పనితోపాటు మఱియొక చింత తోడగును. అది ఆరని బొంతను గూర్చిన చింత. ఇంట పక్క తడుపు బిడ్డ యున్నట్లు ఇరుగుపొరుగునకు తెలియరాదు. ఆ బిడ్డకు ఐదవ తరగతిలో గురుకులమున చేరు ఈడు వచ్చినప్పుడు చింత భయమగును. పదిమంది నడుమ పండుకొనవలసిన చోటికి పంపుట కంటె చదువు మాన్పించుటయే మేలను తలంపు కూడ కలుగును. అంత పని అక్కఱలేదని చెప్పుటయే మా యుద్దేశము.

ఇది బిడ్డ తప్పు కాదు, సోమరితనమును కాదు. ఐదేండ్ల పిల్లలలో నూటికి సుమారు 15 మంది రాత్రివేళ పక్క తడుపుదురు. వారిలో ఏటేట నూటికి 15 మంది వఱకు ఏ చికిత్సయు లేకయే బాగుపడుదురు. తల్లికో తండ్రికో చిన్ననాట ఇట్లే యుండినచో బిడ్డకును కలుగుట హెచ్చు. మూత్రాశయము నిండినను కొందఱికి మెలకువ రాదు. కొందఱి దేహములో రాత్రి మూత్రము తగినంత తగ్గదు. నిద్రలో జరుగుదానికి మేలుకొన్న బిడ్డను దండించి ఫలమేమి?

స్విట్జర్లాండులోని గైగీ కంపెనీవారి ఇమిప్రమిన్ అను మందు మనసు కుంగుబాటును పోగొట్టునని రోలండ్ కూన్ అను వైద్యుడు 1957లో ప్రకటించెను. పక్క తడుపు పిల్లలకును అది ఉపకరించునని 1960లో అమెరికా మనోవైద్య పత్రికలో మెక్లీన్ వ్రాసెను. కావున వైద్యుడు ఈ మాత్ర వ్రాసినచో బిడ్డకు మతి చెడినదని తలంపరాదు. మూత్రాశయపు బిగువును సడలించుట, నిద్ర తీరును మార్చుట దీని గుణములు.

అయితే దీని ఫలము పరిమితము. మాత్ర వాడునప్పుడు సగటున వారమునకు ఒక తడి రాత్రి తగ్గును. అయిదుగురిలో ఒకరికి పక్క పూర్తిగా పొడిగా నుండును. మానిన పిదప పెక్కుమందికి మరల మొదలగును. ఇది ఆనకట్ట వంటిది, ఊటను మాన్పదు.

ప్రమాదము మాత్రము పెద్దది. మోతాదు మించినచో గుండె లయ తప్పి ప్రాణము పోవచ్చును. అన్నకు ఇచ్చిన మాత్రలను చిన్నతమ్ముడు మిఠాయి యనుకొని మ్రింగవచ్చును. గూటిలో గాక తాళము వేసిన పెట్టెలో ఉంచి, పెద్దలే లెక్కించి ఈయవలెను. ఆఱేండ్లు నిండనివారికి ఈయరాదు. వంశములో గుండెజబ్బుగాని ఆకస్మిక మరణముగాని యున్నచో ముందే వైద్యునకు చెప్పవలెను. ఎదిగిన పిల్లలు దిగులుగా, చిరాకుగా మాఱిన వెంటనే తెలుపవలెను. మానునప్పుడు వైద్యుడు చెప్పిన రీతిని క్రమముగా తగ్గింపవలెను.

అందుచేతనే నేడు వైద్యులు ముందుగా దీనిని ఈయరు. పగటిపూట చాలినంత నీరు త్రాగించి, సాయంత్రము తగ్గింపవలెను. పడకకు ముందు మూత్రమునకు పంపవలెను. మలబద్ధకమును పోగొట్టవలెను. పక్క తడిసిన క్షణముననే గంట మ్రోగు సాధనమొకటి కలదు. అమెరికాలో మౌరర్ దంపతులు 1938లో దీనిని గూర్చి వ్రాసిరి. రెండుమూడు నెలలు ఓపికతో వాడినచో మువ్వురిలో ఇద్దఱికి పక్క పొడియగును. వారిలో సగముమందికి ఆ మేలు నిలుచును. ప్రయాణమునకో, వసతిగృహములో తొలినాళ్ళకో డెస్మోప్రెసిన్ అను మందు కలదు. అది వేసిన రాత్రి నీరు మిక్కిలిగా త్రాగరాదు. వీనితో ఫలింపనప్పుడే ఇమిప్రమిన్ వంతు.

చాలకాలము పొడిగా నుండిన బిడ్డ మరల తడుపుచు, దాహము హెచ్చి, చిక్కిపోవుచున్నచో మధుమేహము కావచ్చును. మూత్రమున మంట యున్నచో అంటుదోషము కావచ్చును. ఆలసింపక పరీక్ష చేయింపవలెను. సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది. పిల్లల వైద్యుని కొఱకు హైదరాబాదు పోనక్కఱ లేదు.

గురుకులమునకు పంపుటకు కొన్ని నెలల ముందే వైద్యునకు చూపుడు. వార్డెనుకు చాటున చెప్పి, మార్పు దుప్పటి యొకటి పెట్టె నడుగున నుంచి పంపుడు. బిడ్డకు మాత్ర కంటె ముందు కావలసినది, ఇంట నెవ్వరును తన్ను నవ్వరను ధైర్యము.